గినియా పిగ్ కుంటుతోందా, తిండి మానేసిందా? ముందు పెల్లెట్ల (గుళికల దాణా) సంచి మీద తేదీ చూడండి

గినియా పిగ్‌కి బాగాలేదని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది దాని బరువు. "మొన్నటిదాకా మంచిగనే తిన్నది" అంటారు తప్ప బరువు చెప్పేవాళ్లు చాలా తక్కువ. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాంటా చాలు. గిన్నె పెట్టి సున్నా చేసి, అందులో కూర్చోబెట్టి, వారానికోసారి ఒకే పూట తూచి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. పెద్దది సాధారణంగా 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. వారంలో 50 గ్రాములు తగ్గితే ఇక రోజూ తూచాలి. 100 తగ్గితే డాక్టర్‌కి చూపించాలి. ఒంటి నిండా బొచ్చు కాబట్టి చిక్కిపోయినా కంటికి తెలియదు, పైగా నొప్పిని దాచుకునే జంతువు ఇది.

అసలేమీ తినట్లేదు

పన్నెండు గంటలు ఏమీ ముట్టకపోతే "రేపు చూద్దాం" అనకండి. దీని పేగులు ఆగితే మళ్లీ కదిలించడం కష్టం. అయితే డాక్టర్ దగ్గరికి బయల్దేరే ముందు నీళ్ల సీసా నాజిల్ కింద వేలు పెట్టి గోళీని పైకి నొక్కండి. చుక్క పడిందా? మన బోరు నీళ్లకు సున్నం పేరుకుని ఆ గోళీ బిగుసుకుపోతుంది. సీసా నిండుగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నీళ్లు అందకపోతే అది గడ్డి కూడా ముట్టదు. నాజిల్‌ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, బాగా కడిగి బిగించండి. అంతదాకా బరువైన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టండి.

నీళ్లు వస్తున్నా తినట్లేదంటే, ఏప్రిల్, మే నెలల్లో ఎండను అనుమానించండి. 28 డిగ్రీలు దాటగానే దీనికి ఇబ్బంది మొదలవుతుంది. వరంగల్, రామగుండం ఎండల్లో, అదీ రేకుల కింద ఉంటే చెప్పేదేముంది? బోర్లా పడి రొప్పుతుంటే చల్లటి గదిలోకి మార్చి, చెవులు, పాదాలు తడిగుడ్డతో తుడుస్తూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు మాత్రం పోయొద్దు.

ముక్క నోట్లో పెట్టుకుని వదిలేస్తోందా, గడ్డం కింద తడిగా ఉందా? అయితే పళ్లు. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. పెరిగిన పళ్లను డాక్టరే కత్తిరించాలి. మళ్లీ పెరగకుండా చూసేది గడ్డి. తిండిలో ముప్పాతికకు పైగా అదే ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే తిమోతి ఎండుగడ్డి ఖరీదనుకుంటే గరిక కోసుకురండి, పచ్చిదీ పెట్టొచ్చు, నీడలో ఆరబెట్టీ పెట్టొచ్చు. పత్తి చేను గట్టు మీది గడ్డి మాత్రం వద్దు, ఏ మందు కొట్టారో మనకు తెలియదు. లేత జొన్న చొప్ప అసలు పెట్టకండి. పశువులకే నాము (లేత చొప్పలోని విషం) తగిలే మేత అది, కిలో కూడా లేని ప్రాణి ఏం తట్టుకుంటుంది? వరిగడ్డి పరుపుగా పనికొస్తుంది గానీ దాంట్లో పోషణ తక్కువ.

కుంటుతోంది, ఎత్తితే అరుస్తోంది

అందరూ బోల్తాపడేది ఇక్కడే. గూటిలోంచి దూకి కాలు విరిగిందేమో అనుకుంటారు. ఎక్స్‌రే తీస్తే విరిగింది ఏమీ ఉండదు, నొప్పికి మందిస్తారు, రెండు రోజులు నయమనిపించి మళ్లీ అదే కథ. జాగ్రత్తగా గమనిస్తే కుంటు ఒక కాలికి పరిమితం కాదు. నడవాల్సిన జంతువు కుందేలులా గెంతుతుంది. వెనక మోకాళ్లు వేళ్లకు ఉబ్బినట్టు తగులుతాయి. పొట్ట కింద చెయ్యి వేసి ఎత్తబోతే అరుస్తుంది. బొచ్చు గరుకుగా మారుతుంది, ఒక్కోసారి చిగుళ్లలో రక్తం కనిపిస్తుంది.

ఇది విటమిన్ సి లోపం, అంటే స్కర్వీ. కుందేలు ఒంట్లో విటమిన్ సి తయారవుతుంది. గినియా పిగ్‌కి మనలాగే ఆ శక్తి లేదు, రోజూ తిండిలోంచే రావాలి. అది ఆగితే రెండు మూడు వారాల్లోనే లక్షణాలు బయటపడతాయి.

"మేం గినియా పిగ్ పెల్లెట్లే పెడుతున్నాం, సంచి మీద విటమిన్ సి అని రాసి ఉంది" అంటారు. రాసి ఉన్నది నిజమే. కానీ వేడికీ, తేమకూ, వెలుతురుకూ ఆ విటమిన్ నిలవదు. మామూలు పెల్లెట్లలో తయారైన మూడు నెలలకే చాలా భాగం పోతుంది, త్వరగా పాడవకుండా చేసిన (స్టెబిలైజ్డ్) రకం విటమిన్ కలిపినవి ఇంకొంత కాలం ఆగుతాయి. మన దగ్గర ఆ సంచి గోదాములో, రేకుల షాపులో ఎండాకాలమంతా మగ్గి ఇంటికొస్తుంది. విప్పాక మూతలేని డబ్బాలో ఇంకో రెండు నెలలు. రంగు మారదు, వాసన మారదు, జంతువు ఇష్టంగానే తింటుంది. అందుకే తిండి మీదికి ఎవరి అనుమానమూ పోదు. కిలో లెక్కన తూచి అమ్మే లూజు పెల్లెట్లు ఇంకా ఘోరం. తేదీ ఉండదు, చాలాసార్లు అది కుందేళ్ల దాణానే, దాంట్లో విటమిన్ సి కలపాల్సిన పనే లేదు.

కాబట్టి సంచి తిప్పి చూడండి. ఎక్స్‌పైరీ కాదు, తయారైన తేదీ. మూడు నెలలు దాటితే ఆ పెల్లెట్లను విటమిన్ లెక్కలోంచి తీసేయండి. ఇకమీదట నెలకు సరిపడా చిన్న ప్యాకెట్ కొని, గాలి చొరని డబ్బాలో చల్లటి చోట పెట్టుకోండి. పెద్దదానికి రోజుకు గుప్పెడులో సగం చాలు.

విటమిన్ కోసం తాజా కూరగాయల్నే నమ్ముకోండి. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మి.గ్రా. కావాలి. మధ్యరకం క్యాప్సికమ్‌లో పావు ముక్కతో ఇరవై దాకా వచ్చేస్తాయి. కొత్తిమీర రోజూ కొంచెం వేయొచ్చు. జామకాయలో విటమిన్ దండిగా ఉంటుంది గానీ తీపి ఎక్కువ, గింజలు తీసి వారానికి రెండుసార్లు చిన్న ముక్క. ఉసిరి పెట్టి చూడండి, చాలావాటికి ఆ పులుపు నచ్చదు. క్యారెట్‌నీ కీరానీ ఈ లెక్కలో వేయకండి. నీళ్లలో కలిపే చుక్కల మందు కూడా దండగ. నీళ్లలో దాని బలం గంటల్లోనే తగ్గుతుంది, రుచి మారిందని అది నీళ్లే తాగడం మానేస్తుంది.

లక్షణాలు కనిపించాక కూరగాయలు ఒక్కటే సరిపోవు. డాక్టర్ మోతాదు ఎక్కువ ఇస్తారు, అవసరమైతే ఇంజెక్షన్ కూడా. లోపం ఇదే అయితే వారంలో నడక మారుతుంది. మారకపోతే అప్పుడు వేరే కారణం వెతకాలి.

పెంటికలు, మూత్రం

పెంటికలు చిన్నగా, ఎండిపోయినట్టు వస్తే గడ్డి, నీళ్లు పెంచండి. మెత్తబడితే కొత్తగా పెట్టిన కూర ఏదో గుర్తు తెచ్చుకుని ఆపండి. నీళ్లలా పారితే ఇంట్లో ఆగొద్దు. మూత్రం ఆరిన చోట సుద్దలాంటి తెల్లపొడి ఎక్కువగా ఉంటే కాల్షియం ఎక్కువైంది: లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి గినియా పిగ్ పిల్లలకూ, చూలుతో ఉన్నవాటికే పెట్టండి, పాలకూర, మునగాకు తగ్గించండి. రక్తం పడితే రాయి ఉందేమో స్కానింగ్ చేయించాలి.

ఆడదానికి రెండు పక్కలా సమానంగా బొచ్చు ఊడితే అండాశయంలో నీటిగడ్డలు కావచ్చు. షుగరు, థైరాయిడ్ గురించి ముందే టెన్షన్ పడొద్దు.

మన పక్క పశువైద్యులు ఎక్కువగా చూసేది గేదెల్నీ మేకల్నీ కుక్కల్నీ. వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీకి వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కి వెళ్లినా యాంటీబయాటిక్ రాసేటప్పుడు ఒక్క మాట అడగండి: "సార్, ఇది గినియా పిగ్‌కి పడుతుందా?" అని. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్ దీని పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఇంట్లో మిగిలిన పిల్లల సిరప్‌ను సొంతంగా ఎప్పుడూ పట్టకండి. ఏ మందు మొదలుపెట్టాకైనా పెంటికలు మెత్తబడితే తర్వాతి డోసు వేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.