పాత ఇంటి రూపు చెడకుండా వెనక వైపు గదులు కట్టుకోవడం ఎలా?

వందేళ్ల నాటి ఇంట్లో ఉండేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు చోటు చాలదు. వంటిల్లు ఇరుకవుతుంది, ఇంకో బాత్రూమ్ కావాలి, మెట్లెక్కలేని పెద్దవాళ్లకు కింద ఒక గది కావాలి. వీధి వైపు ముట్టుకోకుండా వెనక కట్టుకోవడం మంచి ఆలోచనే. అయితే కొత్తది పాతదాన్ని మింగేయకూడదు. పని పూర్తయ్యాక కూడా పాత ఇల్లు ఎక్కడ ముగిసిందో, కొత్తది ఎక్కడ మొదలైందో చూడగానే తెలియాలి.

1. ప్లాన్ గీయించే ముందు వెనక గోడ చూడండి

వెనక గోడ ఎవరు చూస్తారులే అని చాలామంది అనుకుంటారు. కానీ ఇల్లు ఎలా పెరుగుతూ వచ్చిందో తరచుగా ఆ గోడ మీదే కనిపిస్తుంది. ఎప్పుడో మూసేసిన కిటికీ గుర్తులు, ఇటుక వరస మారిన చోట్లు, తీసేసిన వసారా వాసాలు దిగిన గుంటలు అక్కడే ఉంటాయి. అన్నిటినీ ఫోటోలు తీసి, కొలతలు రాసుకోండి. పగుళ్లుంటే వాటి మీద అడ్డంగా పలుచని గాజు ముక్క అతికించి, తేదీ రాయండి. కొన్ని నెలల్లో గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. ఆ కారణం తేలేదాకా పక్కన కొత్త పునాది తవ్వకండి.

ఇంకో మాట. ఉన్న గదులనే మార్చుకుంటే అవసరం తీరుతుందేమో ముందు నిజాయితీగా చూసుకోండి. కట్టకుండా సరిపెట్టుకోగలిగితే పాత ఇంటికి అంతకంటే మేలు లేదు.

2. అనుమతి

ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నా, అలాంటి ప్రాంతంలో ఉన్నా మామూలు ప్లాన్ అనుమతి సరిపోకపోవచ్చు. స్థానిక సంస్థను ముందే అడగండి. గోడ పగలగొట్టాక అడిగితే పోయినది తిరిగి రాదు.

3. ఎత్తు, వెడల్పు తగ్గించండి

కొత్త పైకప్పు పాత ఇంటి చూరు కంటే కిందే ఆగాలి. వెడల్పు కూడా రెండు పక్కలా కాస్త లోపలికి జరగాలి. పాత ఇంటి మూలలు బయటికి కనిపిస్తుంటేనే దాని అసలు ఆకారం కంటికి తెలుస్తుంది. మూల నుంచి మూల దాకా కప్పేస్తే మిగిలేది ముందు గోడ ఒక్కటే.

మరి కొత్తది పాతదానిలాగే ఉండాలా? పాత కట్టడాల పరిరక్షణకు దారి చూపే అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్, తప్పనిసరై చేర్చిన పని మీద దాని కాలం ముద్ర ఉండాలంటుంది. పాత కట్టడాల పునరుద్ధరణకు అమెరికా ఇంటీరియర్ శాఖ పెట్టిన పది ప్రమాణాల్లో చివరి రెండూ కొత్త నిర్మాణం గురించే. కొత్తది వేరుగా తెలియాలి, పాతదానితో పొసగాలి, రేపు దాన్ని తీసేసినా పాత ఇల్లు చెక్కుచెదరకుండా మిగలాలి. నేనైతే పాత ఇంటి నుంచి కొలతలు తీసుకుంటాను, అలంకారాలు తీసుకోను. కిటికీల ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న పొంతన, కప్పు వాలు, గోడ రంగు కుదిరితే చాలు. సిమెంటుతో పోతపోసిన నకిలీ నగిషీలు పాత ఇంటి అసలు పనితనాన్ని కూడా చులకన చేస్తాయి.

4. అతుకు దగ్గరే అసలు పని

రెండు కట్టడాలనూ నేరుగా అంటించకుండా, మధ్యలో సన్నటి నడవా పెట్టండి. దాని పక్కలకు అద్దాలు పెడితే పాత గోడ బయటికి కనిపిస్తూనే ఉంటుంది. దారి కోసం కొత్తగా గోడ పగలగొట్టొద్దు, ఉన్న వెనక గుమ్మాన్నే వాడుకోండి. గుమ్మం లేకపోతే ఒక కిటికీ కింది గోడను మాత్రం తీసి ద్వారంగా మార్చవచ్చు. పైనున్న కమాను, దాని మీది బరువు ఎక్కడివక్కడే ఉంటాయి. తీసిన ఇటుకలను, కిటికీ చట్రాన్ని పారేయకుండా దాచండి.

పునాది విషయంలో తొందర పనికిరాదు. పాత ఇళ్ల పునాదులు చాలావరకు లోతు తక్కువవి, పైగా దశాబ్దాల క్రితమే కుదురుకున్నవి. కొత్త పునాది ఇంకా కుదురుకోవాలి. రెండింటినీ కలిపేస్తే కొత్తది కుంగినప్పుడల్లా పాత గోడను లాగుతుంది, పగుళ్లొస్తాయి. అందుకే కొత్త కప్పు బరువు దాని సొంత పిల్లర్ల మీదే పడాలి. మధ్య సందును సాగే పదార్థంతో నింపాలి. పాత పునాది కంటే లోతుగా పక్కనే తవ్వాల్సి వస్తే స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పినట్టు కొద్దికొద్ది పొడవునే తవ్వి, నింపాకే ముందుకు వెళ్లాలి. ఒకేసారి గోడ పొడవునా కందకం తీయనివ్వకండి.

5. పాత గోడ మీద సిమెంటు వద్దు

ఇవాళ మనం మామూలుగా సిమెంటు అంటున్న పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు పేటెంట్ వచ్చింది 1824లో. అది అందరికీ అందుబాటులోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకు ముందటి గోడలు ఎక్కువగా సున్నంతోనో మట్టితోనో కట్టినవి. అవి తేమను పీల్చుకుని మళ్లీ గాలిలోకి వదిలేస్తాయి. వాటి మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. కాబట్టి అతుకు దగ్గర పాత గోడకు చేసే మరమ్మతంతా సున్నంతోనే చేయించండి. సున్నం ఆరడానికి టైమ్ పడుతుంది, ఆ రోజులు షెడ్యూల్‌లో ముందే కలపండి.

కొత్త గచ్చు కింద పరిచే ప్లాస్టిక్ షీట్ కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. పైకి రాలేని నేల తేమ పక్కనున్న పాత గోడలోకి ఎక్కుతుంది. ఆ అంచు వెంట తేమ బయటికి పోయే దారి వదలాలి. పాత చెక్క నేల కింద గాలి కన్నాలుంటే మూయకండి. బయట మట్టి ఎత్తు పెంచకండి.

6. పని చేయించేటప్పుడు

సున్నం పని తెలిసిన మేస్త్రీనే పెట్టుకోండి. ముందు కనిపించని చోట చిన్న ముక్క చేయించి, ఆరాక చూడండి. పాత రంగుల్లో సీసం, పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకొద్దు, పగలగొట్టొద్దు.

రెండు కప్పులూ కలిసే చోట నీరు చేరుతుంది. అక్కడి గట్టర్ వెడల్పుగా, మనిషి చేయి పెట్టి ఆకులు తీయగలిగేలా ఉండాలి. అది నిండితే నీరు గోడ మీదికి కాకుండా బయటికి పొర్లే దారి కూడా పెట్టించండి. మొదటి పెద్ద వాన కురిసే వేళ గొడుగు వేసుకుని వెళ్లి ఆ అతుకును చూడండి. మర్నాడు లోపలి వైపు గోడను చేత్తో తడిమి చూడండి. చెమ్మ తగిలితే రంగు వేయించడం ఆపి, ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతికించండి.