ఫెల్ట్ బొమ్మ పరికిణీకి పొరల అంచు, పూసల పని

సంక్రాంతి కొలువులో పెట్టుకునే చిన్న ఫెల్ట్ బొమ్మలే నేను ఎక్కువగా కుడతాను. ఎవరు చేతిలోకి తీసుకున్నా ముందు తడిమి చూసేది పరికిణీ అంచే. కాబట్టి ఆ పనే చెప్తాను.

ఫెల్ట్ నేసిన బట్ట కాదు, పీచును అదిమి చేసింది. కత్తిరించిన చోట పోగులు ఊడవు, అంచు మడిచి కుట్టే బాధ లేదు. మిల్లీమీటరు మందం ఉన్న మెత్తటిది తీసుకోండి. అట్టలా బిగుసుకున్న క్రాఫ్ట్ షీట్లు బొమ్మలకు వద్దు, వాటిలో సూది దించేసరికి వేళ్లు నొప్పి పుడతాయి. అక్రిలిక్ ఫెల్ట్ మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టకండి, కరుగుతుంది.

మూడు పట్టీలు కావాలి. అడుగున 3 సెంటీమీటర్ల మెరూన్, దాని మీద 2 సెంటీమీటర్ల పసుపు, అన్నిటికన్నా పైన సెంటీమీటరు ఆకుపచ్చ. పసుపుదానికి ఒక పక్క టెంపుల్ బోర్డర్‌లా కోణాలు కోస్తే అందం. బటర్ పేపర్ మీద గీసి, గుండుసూదులు గుచ్చి, కాగితంతో సహా కత్తిరించండి.

అసలు సంగతి ఇది: పట్టీలు పేర్చకముందే పూసలు కుట్టేయాలి. ఒక్క పొరలోంచే కాబట్టి సూది సులువుగా దిగుతుంది, పేర్చాక వెనక ముడులన్నీ ఆ పట్టీ కిందే దాక్కుంటాయి. రెండు కొసల్లో అర సెంటీమీటరు ఖాళీ వదలండి, పరికిణీ పక్క కుట్టు అక్కడే పడుతుంది.

11 నంబరు గాజు పూసలు, సన్నటి పూసల సూది మగ్గం వర్క్ సామాను అమ్మే షాపుల్లో అడగండి. నైలాన్ దారం మూరెడు చాలు, అంతకు మించితే చిక్కు పడుతుంది. సూది పైకి తీసి నాలుగు పూసలు ఎక్కించి, గీత మీద పరిచి, నాలుగోదాని పక్కనే కిందికి దించండి. వెనక్కి వచ్చి రెండో పూసకీ మూడోదానికీ మధ్య సూది పైకి తీసి, మూడు, నాలుగు పూసల్లోంచి మళ్లీ పోనివ్వండి. ఆ తర్వాతే ఇంకో నాలుగు. ఆరేసి, ఎనిమిదేసి ఎక్కిస్తే పని త్వరగా తెములుతుంది గానీ, వంపు దగ్గర వరస లేచిపోతుంది. దారం మరీ లాగితే ఫెల్ట్ ముడుచుకుంటుంది. పూస బట్టకు ఆనితే చాలు.

కోణాల మొనల్లో ఒక్కో చమ్కీ బాగుంటుంది. సూదికి చమ్కీ, దాని మీద పూస ఎక్కించి, పూసను వదిలేసి చమ్కీ రంధ్రంలోంచే వెనక్కి దించాలి. పూసే మూతలా పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు పేర్చి, అదే రంగు దారంతో అంచుల వెంట చిన్న కుట్లు వేయండి. గ్లూ గన్ జోలికి మాత్రం పోవద్దు. జిగురు గట్టిపడ్డ చోట పరికిణీ వాలదు, సూదీ దిగదు. పరికిణీ ముక్క పరిచి ఉండగానే పట్టీలు కుట్టి, ఆ తర్వాత పక్కలు కలపండి.

చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మైతే పూసలు, చమ్కీలు అసలు పెట్టకండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకి అంచు మీద గొలుసు కుట్టు వేసి, కళ్లు కూడా దారంతోనే కుట్టండి.