‘ముక్క పళ్ళేదు’ అనే ముందు: డిజిటల్ కార్డు టోర్నీలకి తయారయ్యేవాళ్ళ కోసం

విజయనగరం, శ్రీకాకుళం హాస్టళ్ళలో ఆన్‌లైన్ కార్డు టోర్నీ అయిపోయాక వినిపించేవి రెండే మాటలు. ఓడినోడు “ముక్క పళ్ళేదు బావా, ఆడికి మాత్రం ఆఖర్న కావాల్సిన ముక్కే తగిలీసింది” అంటాడు. గెలిచినోడు “స్కిల్లు” అని కాలరెగరేస్తాడు. ఇద్దర్నీ నమ్మకండి. హార్త్‌స్టోన్, మ్యాజిక్ అరీనా, మార్వెల్ స్నాప్, పోకెమాన్ పాకెట్, ఏ ఆటలోనైనా లక్కూ ఉంది, స్కిల్లూ ఉంది. ఏది ఎక్కువ అని తెల్లారేదాకా వాదించుకోవచ్చు గానీ దానివల్ల ఒక్క మ్యాచ్ కూడా ఎక్కువ గెలవరు. మీ ఆటలో లక్కు ఎక్కడెక్కడ దూరుతోంది, అక్కడ దాన్ని పెంచడమో తగ్గించడమో మీ వల్ల అవుతుందా అని చూసుకుంటే మాత్రం గెలుస్తారు. ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ఈ గొడవ మనకి కొత్త కాదు. రమ్మీ జూదమా కాదా అన్న కేసు 1967లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసే, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని, మూడు ముక్కలాట అలాంటిది కాదని కోర్టు తేల్చింది. పంచేటప్పుడు అదృష్టం ఉన్నా, పంచిన తర్వాత జరిగేదాంట్లో ఆటగాడి పని ఎంత అన్నదే వాళ్ళు చూసిన లెక్క. మీరూ మీ ఆటని అలాగే చూడండి.

లక్కు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, మీరు ఆలోచించే ముందే వచ్చేది: ఏ ముక్కలు పడ్డాయి, ఎవరు మొదలుపెడతారు. ముక్కలు చూశాక ఆలోచించుకునే అవకాశం మీకుంటుంది. రెండోది, మీరు నిర్ణయం తీసుకున్నాక వచ్చేది. పోకెమాన్ పాకెట్‌లో మిస్టీ కార్డు వేశారంటే బొరుసు పడేదాకా నాణెం ఎగరేయాలి, బొమ్మ పడినన్ని ఎనర్జీలు (దాడి చేయడానికి కావాల్సిన శక్తి) వస్తాయి, మొదటిసారే బొరుసు పడితే ఏమీ రాదు. అంటే సగంసార్లు ఆ కార్డు దండగ. వేసేశాక మీరు చేసేదేమీ ఉండదు, నోరు తెరుచుకుని చూడ్డమే. మొదటి రకం ఎక్కువున్న ఆటలో ప్రాక్టీసుకి ఫలితం బాగా కనబడుతుంది. రెండో రకం ఎక్కువున్న ఆటలో, ఎప్పుడు ఆ నాణెం ఎగరేయాలో తెలియడమే స్కిల్. అటు క్లాష్ రాయల్‌లో ఎనిమిదే కార్డులు, చేతిలో నాలుగు, ఒకటి వాడితే వరస తిరిగి మళ్ళీ వస్తుంది. మొదట్లో ఆ ఎనిమిదీ ఏ వరసలో పడ్డాయన్నదే లక్కు, ఆ తర్వాత అవతలివాడి వరస లెక్కపెట్టగలిగితే వాడి చేతిలో ఏముందో మీకు తెలిసిపోతుంది.

ఇక టోర్నీ ఎంచుకోవడం. దీన్ని అందరూ వదిలేస్తారు, నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది. మీరు ఒక్కో గేమ్ నూటికి 60 గెలిచే ఆటగాడు అనుకుందాం, అది చాలా మంచి రేటు. బెస్ట్ ఆఫ్ త్రీ (మూడు గేముల్లో రెండు గెలిచినవాడిదే మ్యాచ్) అయితే మీరు మ్యాచ్ గెలిచే అవకాశం దాదాపు 65 శాతం అవుతుంది, బెస్ట్ ఆఫ్ ఫైవ్ అయితే 68. పెరిగింది గానీ మరీ పెరగలేదు, చూడండి. ఇప్పుడు 64 మందితో, ఓడితే ఇంటికే అనే నాకౌట్ టోర్నీ అనుకోండి, ఆరు రౌండ్లూ వరసగా గెలవాలి, ప్రతిదీ బెస్ట్ ఆఫ్ త్రీ. లెక్క వేస్తే కప్పు మీకొచ్చే అవకాశం ఏడు శాతం చిల్లర. అందరికంటే బాగా ఆడేవాడే, వంద టోర్నీలాడితే తొంభై పైన కప్పు లేకుండా బయటికొస్తాడు! అందరూ సమానమైతే ఒక్కొక్కరికి ఒకటిన్నర శాతమే కాబట్టి, ఏడు అంటే నాలుగు రెట్ల పైమాటే. స్కిల్ అక్కడ కనబడుతుంది, కప్పులో కాదు. అందుకని మీ చెయ్యి మెరుగని నమ్మకం ఉంటే ఒక ఓటమితో పంపేయని స్విస్ రౌండ్ల టోర్నీలు, పొడుగు మ్యాచ్‌లు ఉన్నవి ఎంచుకోండి. కొత్తవాళ్ళైతే దానికి తలకిందులు: బెస్ట్ ఆఫ్ వన్ నాకౌట్‌లోనే పెద్దోళ్ళని పడగొట్టే ఛాన్సు ఎక్కువ. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బ్రిడ్జ్ వాళ్ళు ఈ బాధని చక్కగా వదిలించుకున్నారు. ఒకే పంపకాన్ని వేరే వేరే బల్లల మీద అందరిచేతా ఆడించి, అవే ముక్కలతో ఎవరు ఎక్కువ రాబట్టారో చూస్తారు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ మన దేశానికి బంగారు పతకం తెచ్చింది అందులోనే, అరవై ఏళ్ళ మనిషొకరు, యాభయ్యారేళ్ళ మనిషొకరు. అదే ఆటల్లో హార్త్‌స్టోన్‌ని ప్రదర్శన పోటీగా పెడితే గుజరాత్‌లోని భుజ్ కుర్రాడు తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు. ఇంట్లో ఎవరైనా “పేకాటే కదరా” అంటే చెప్పుకోడానికి పనికొస్తుంది, ఆ కాంస్యం పతకాల పట్టికలో లెక్కించలేదన్న సంగతి అడిగితే చెప్పండి.

టోర్నీ ఏ పద్ధతిలో ఉంటుందో ప్రాక్టీసు కూడా అదే పద్ధతిలో చేయాలి. మ్యాజిక్ అరీనాలో బెస్ట్ ఆఫ్ వన్ ఆడితే ఆటే కాస్త సాయం చేస్తుంది, మొదటి చేతిలో లాండ్‌లు (మిగతా కార్డులు వాడటానికి శక్తినిచ్చే ముక్కలు) మరీ తక్కువా మరీ ఎక్కువా కాకుండా డెక్‌లో, అంటే మీరు ముందే కట్టుకున్న కార్డుల కట్టలో, ఉన్న పాళ్ళకి దగ్గరగా వచ్చేలా చూస్తుంది. బెస్ట్ ఆఫ్ త్రీలో ఆ సాయం లేదు. అందుకే బెస్ట్ ఆఫ్ వన్‌లో తక్కువ లాండ్‌లతో బ్రహ్మాండంగా నడిచిన డెక్ టోర్నీలో నీళ్ళు తాగుతుంది, మనోడేమో లక్కు లేదంటాడు. పదిహేను కార్డుల సైడ్‌బోర్డు (గేమ్‌కీ గేమ్‌కీ మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డులు) వాడకం కూడా బెస్ట్ ఆఫ్ త్రీ ఆడితేనే వస్తుంది.

మొదటి చెయ్యి దగ్గర అందరికీ టెన్షన్. హార్త్‌స్టోన్ ముప్ఫై కార్డుల డెక్‌లో మీకు కావాల్సిన కార్డు రెండు కాపీలు ఉందనుకోండి. మొదలుపెట్టేవాడికి మూడు ముక్కలొస్తాయి, వాటిలో అది ఉండే అవకాశం 19 శాతం. దానికోసం మూడూ వెనక్కి పంపి మార్చుకుంటే 37కి దగ్గరవుతుంది, నాలుగో టర్న్ దాకా చూస్తే 54. అంటే దాని కోసం అన్నీ పారేసినా నాలుగో టర్న్‌కి ఇంచుమించు సగంసార్లు అది చేతికి రాదు! ఆ ఒక్క కార్డు లేకపోతే బతకని డెక్ కట్టి, రాలేదని ఏడిస్తే అది లక్కు తప్పు కాదు, డెక్ కట్టినవాడి తప్పు. ఈ లెక్కలు నోటికి రానక్కర్లేదు. ఎదుటి డెక్ ఏదో బట్టి ఏ కార్డులు ఉంచాలి, ఏవి పంపాలి అని ఒక కాగితం మీద ముందే రాసుకుంటే చాలు, మ్యాచ్ మధ్యలో బుర్ర పెట్టనక్కర్లేదు.

ఆట మధ్యలో నేర్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి గానీ నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది వరస. హార్త్‌స్టోన్‌లో రాగ్నరోస్ ఉంది కదా, టర్న్ చివర్లో అవతలివైపు ఎవరో ఒకరి మీద ఎనిమిది పాయింట్ల దెబ్బ వేస్తుంది, ఎవరి మీదో దానిష్టం. అవతల హీరోతో (అంటే ఆటగాడితో) పాటు మూడు మినియన్లు (వాడు దింపిన సైనికుల కార్డులు) ఉంటే హీరోకి తగిలే అవకాశం నాలుగింట ఒకటి. ముందు రెండింటిని ఏరేసి, తర్వాత దాన్ని దింపితే సగానికి సగం. అన్నీ ఏరేస్తే లక్కన్న మాటే లేదు. కార్డు అదే, మారింది మీరు పని చేసిన వరసే. పోయింది యాభై-యాభై దగ్గరే అని చెప్పేవాడిని ఎప్పుడైనా అడగండి, ముందు వరస మార్చుకుని ఉంటే దాన్ని నూటికి నూరు చేసుకోగలిగేవాడా అని.

రెండోది, ముందున్నప్పుడు ఒకలా, వెనకబడినప్పుడు ఒకలా ఆడటం. ముందుంటే అదృష్టానికి పని లేకుండా చూసుకోవాలి: పిచ్చి కార్డులు చేతిలోనే ఉంచండి, అవతలివాడి దగ్గర ఉండగల అతి చెడ్డ ముక్క ఏదో అనుకుని దానికి కాచుకోండి. వెనకబడ్డారా, ఇంక మర్యాదగా ఆడి మెల్లగా ఓడిపోవడంలో అర్థం లేదు, ఏ ముక్క వస్తే గెలుస్తారో చూసుకుని అది వస్తుందనే ఆడాలి. డెక్‌లో పన్నెండు ముక్కలు మిగిలి, వాటిలో గెలిపించేవి రెండు ఉంటే ఒక్క ముక్క తీస్తే 17 శాతం. ఇంకొక్క టర్న్ బతికి రెండు ముక్కలు తీసుకుంటే 32కి దగ్గర. కాబట్టి అప్పుడు ఆలోచించాల్సింది ‘ఇంకో టర్న్ ఎలా బతకాలి’ అని. చాలామంది అక్కడే చిరాకొచ్చి ఉన్నదంతా కుమ్మేసి, “ఎలాగూ పోయేదే” అంటారు.

డ్రాప్ చెయ్యడం మన ఊరి రమ్మీ పెద్దలకి తెలిసినట్టు కుర్రాళ్ళకి తెలీదు. పదమూడు ముక్కల ఆటలో చెత్త చెయ్యి పడితే మొదట్లోనే డ్రాప్ అయితే పోయేది 20 పాయింట్లు, మధ్యలో 40, చివరిదాకా పట్టుకుని వేలాడితే 80 దాకా. మార్వెల్ స్నాప్ అచ్చంగా ఇదే లెక్క, అక్కడ క్యూబులు (గెలిస్తే వచ్చే, ఓడితే పోయే పాయింట్లు) ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. అవతలివాడు స్నాప్ కొట్టిన (పందెం రెట్టింపు చేసిన) టర్న్‌లోనే తప్పుకుంటే పోయేది ఒక్క క్యూబే. పన్నెండు కార్డుల డెక్‌లో ఆరో టర్న్‌కి తొమ్మిది చూస్తారు కాబట్టి ఫలానా కార్డు నాలుగింట మూడుసార్లు వస్తుంది, నాలుగోసారి రాదు. ఆ నాలుగోసారి ఒకటితో బయటపడ్డవాడు, వచ్చిన మూడుసార్లలో నాలుగేసి రాబట్టినవాడు పైకెళ్తాడు. చివరిదాకా వేలాడినవాడికీ వీడికీ గెలిచిన ఆటల సంఖ్య ఒకటే ఉండొచ్చు.

గెలుపు శాతం చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. సమానమైన ఇద్దరు ఇరవై ఆటలాడితే, ఫలానావాడు పదమూడో అంతకు మించో గెలవడం ఏడెనిమిది సార్లకొకసారి ఊరికే జరిగిపోతుంది. వంద ఆటల తర్వాత కూడా 50 శాతం ఆటగాడు 40 నుంచి 60 మధ్య ఎక్కడైనా కనబడొచ్చు. ఇరవై ఆటలు చూసి డెక్ మార్చేసేవాళ్ళు జన్మలో ఏ డెక్కూ నేర్చుకోరు. శాతం బదులు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి ఓటమికీ, గెలుపుకీ కూడా, మూడు సంగతులు రాయాలి: మొదటి చేతిలో ఏం ఉంచాను, ఎటు పోవాలో తేల్చుకోలేకపోయిన టర్న్ ఏది, అప్పటికి నాకు తెలిసినదాన్ని బట్టి ఏది సరైనది. ‘అప్పటికి తెలిసినదాన్ని బట్టి’ అన్నచోట మోసం చేసుకోకండి, తర్వాత ఏ ముక్క పడిందో తెలిశాక అందరూ తెలివైనోళ్ళే. పడిన ముక్కల్ని మీ బదులు లెక్కపెట్టే డెక్ ట్రాకర్లు చాలావరకు కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి, ఫోన్ మీద ఆడేవాళ్ళు స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకుంటే సరిపోతుంది. ఆ వీడియోని మీకంటే బాగా ఆడే ఒక్కరికి చూపించండి, అదీ ఫలితం తెలియకుండా ఆ టర్న్ దగ్గర ఆపి, “అన్నా, ఇక్కడ నువ్వైతే ఏటి ఆడతావు?” అని అడగండి. ఓడిపోయానని ముందే చెబితే, వాళ్ళు మీరు ఆడిందాంట్లో తప్పే వెతుకుతారు.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో. పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటల మీద మన రాష్ట్రం 2020లోనే చట్టం మార్చింది, 2025లో కేంద్రం తెచ్చిన చట్టం స్కిల్లైనా లక్కైనా తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం వేరుగా గుర్తించింది. “ఇది స్కిల్ గేమే కదా, వెయ్యి పెట్టు, రెండు వేలిస్తా” అని టెలిగ్రామ్‌లో ఎవడైనా పిలిస్తే పోకండి.

ఇక మ్యాచ్ రోజు. మనవైపు ఉండి ఈ ఆటలు ఆడటంలో ఒక సుఖం ఉంది, షూటింగ్ గేమ్‌ల్లా పింగ్ (సర్వర్‌కి మాట వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం) కాస్త ఎక్కువైతే చచ్చిపోం. పలాసలో మొబైల్ డేటా మీద కూడా బెంగళూరు వాడితో సమానంగా ఆడొచ్చు. తెగిపోవడమే ప్రమాదం: హార్త్‌స్టోన్‌లో టర్న్‌కి 75 సెకన్లే, నెట్ తిరిగొచ్చేసరికి అది అయిపోతుంది. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది కాబట్టి రెండో సిమ్‌లో డేటా వేసుకుని, హాట్‌స్పాట్‌కి మారడం ముందురోజే ఒకసారి చేసి చూడండి. వాన పట్టిన రోజైతే ఫోన్ పొద్దున్నే ఫుల్ ఛార్జ్ పెట్టాలి. యూరప్ టోర్నీ వాళ్ళ సాయంత్రం ఆరింటికి మొదలైతే మనకి చలికాలంలో రాత్రి పదిన్నర, ఏడెనిమిది రౌండ్లంటే తెల్లారుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు పడుకోండి, అన్నం తొమ్మిదిలోపే తినేయండి, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య ఫోన్ పక్కన పెట్టి డాబా మీద నాలుగడుగులు నడవండి. మూడో రౌండ్ ఓడిన కోపంతో నాలుగో రౌండ్ మొదటి చెయ్యి మార్చుకోవద్దు, రాసుకున్న కాగితం తీసి చూసి మార్చుకోండి. చెక్ ఇన్ టైముకి పది నిమిషాల ముందే అలారం పెట్టుకోండి.