ఊరి పార్కులో తోట, 4వ పాఠం: ముందు ఆ గోతుల సంగతి

ఏ చెట్టు పక్కన ఏ చెట్టు నాటాలో ఈసారి చెబుదామనుకున్నాను. కానీ 3వ పాఠం చదివి మొక్కలు నాటినవాళ్లు నవంబర్ వానల తర్వాత పంపిన ఫొటోలు చూశాక గోతుల సంగతి తేల్చకుండా ముందుకు పోలేను. చాలా మొక్కలకు మొదలు దగ్గర బెరడు నల్లబడింది, ఆకులు పండిపోయి రాలాయి. "ఎండిపోతోందని టెన్షన్ పడి రోజూ రెండు బిందెలు పోశాం" అని రాశారు. అవి చచ్చింది నీళ్లు ఎక్కువయ్యే. తప్పు నాది కూడా, గొయ్యి తీయమని ఒక్క మాట రాసి వదిలేశాను.

తిరుపతిలో కొండ కింది కాలనీల్లో కాస్త తవ్వితే చాలు, ఎర్ర గరుసు గట్టిగా తగులుతుంది. మీరు అందులో రెండడుగుల గొయ్యి తీసి, వచ్చిన మన్ను పారబోసి, చెరువు మన్ను, పేడ ఎరువు తెప్పించి నింపారు. మొక్క మీద ప్రేమతోనే చేశారు, కానీ చుట్టూ గట్టి గోడ, లోపల మెత్తటి మన్ను ఉంటే అది గొయ్యి కాదు, తొట్టి. చుట్టుపక్కల వాన నీళ్లన్నీ అందులోకే దిగి నిలిచిపోతాయి, వేళ్లకు గాలి అందదు. పైగా ఎరువు చివికేకొద్దీ మన్ను కుంగుతుంది, దాంతోపాటే మొక్కా దిగుతుంది, పక్క మట్టి జారి మెడను కప్పేస్తుంది. మెడ అంటే కాండం కింద వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు. అది మట్టిలో ఉంటే బెరడు కుళ్లుతుంది. నాటేటప్పుడు నేలకంటే వేలెడు పైకే ఉండాలి, మట్టి ఎగదోసి కుప్ప చేయకూడదు.

గొయ్యి లోతు మొక్క వచ్చిన నర్సరీ సంచి ఎత్తుకంటే వేలెడు తక్కువ, వెడల్పు సంచి వెడల్పుకు మూడింతలు. గోడలు నున్నగా ఉంటే గడ్డపారతో గీరండి. తవ్విన మన్నే తిరిగి వేయండి. ఎరువు, ఎండాకులు పైన పరవండి, మెడకు జానెడు ఎడంగా.

అసలు నీళ్లు ఇంకుతాయో లేదో ముందే చూడాలి. గొయ్యి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. మర్నాటికి కూడా నీళ్లుంటే అక్కడ గొయ్యి వద్దు, అడుగెత్తు దిబ్బ పోసి దానిమీద నాటండి. 2021 నవంబర్ వరదలో మీ పార్కులో నీళ్లు ఎక్కడ నిలిచాయో గుర్తుంటే ముందు అక్కడే చూడండి. అలాంటి చోట నేను మద్ది, నేరేడు తప్ప వేరేవి పెట్టను. ఎర్రచందనం మన శేషాచలం చెట్టే, అందరికీ కావాలి, కానీ రాళ్ల వాలు మీద పెరిగేది నీళ్లు నిలిచే పల్లంలో బతకదు.

ఇక ఏ చెట్లు ఎన్ని అన్నది. అమెరికాలో చెట్ల శాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమూర్ 1990లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. నూరు చెట్లలో ఒకే రకం 10కి, ఒకే ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన రకాల గుంపు, 20కి, ఒకే కుటుంబం, అంటే అలాంటి ప్రజాతులు కలిసిన పెద్ద గుంపు, 30కి మించకూడదు. 2021లో తెలంగాణలో వేపలకు కొమ్మ ఎండు తెగులు వచ్చినప్పుడు చూశాం కదా, వరసంతా వేపలే ఉంటే ఏమవుతుందో. మనవాళ్లు తప్పేది కుటుంబం దగ్గర. కానుగ, రేల, మోదుగ, చింత, తంగేడు, ఎర్రచందనం, ఆరు రకాలు నాటామంటారు, ఆరూ చిక్కుడు కుటుంబమే! నేను కాయ చూసి పోల్చుకుంటాను, ఎర్రచందనం కాయ ఒక్కటే గుండ్రంగా రెక్కతో ఉండి మోసం చేస్తుంది. మిగతా వాటా మారేడు, వెలగ, పొగడ, నెమలినార, కరక, మేడి లాంటి వాటికి ఇవ్వండి. కింద కరివేపాకు మొక్కలు నాలుగు పెడితే నిమ్మ సీతాకోకచిలుకలు వాటంతట అవే వస్తాయి.

అభ్యాసం: మీ పార్కులో మూడు చోట్ల గోతులు తీసి, రెండోసారి నింపాక పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ నీటిమట్టం కొలిచి రాయండి. తర్వాత పార్కులోనూ చుట్టూ నాలుగు వీధుల్లోనూ ఉన్న ప్రతి చెట్టునూ కుటుంబాల వారీగా లెక్కపెట్టండి. రెండు ఆదివారాలు పడుతుంది. రెండూ కలిపే పంపండి, నీళ్ల లెక్క లేకుండా చెట్ల జాబితా ఒక్కటే పంపితే ఏది ఎక్కడ నాటాలో నేను చెప్పలేను.