టీవీకి ల్యాప్‌టాప్ కలిపితే అక్షరాలు అలుక్కుపోతున్నాయా?

హన్మకొండలోని మా ఇంట్లో 32 అంగుళాల టీవీకి ల్యాప్‌టాప్ కలిపి ఒక తెలుగు ఫైలు తెరిచినప్పుడు, ‘రాష్ట్రం’ అన్న మాట కింది ట వత్తు, ర వత్తు కలిసిపోయి ఒకే నల్లని మరకలా కనిపించాయి. అదే టీవీలో సినిమా చక్కగా వస్తుంది కనుక తప్పంతా కేబుల్‌దేనని తోస్తుంది. నేనూ అలాగే అనుకుని కొత్త కేబుల్ కొన్నాను. ఆ డబ్బు దండుగయింది.

అసలు కారణం తెరపై బొమ్మను ఏర్పరిచే చుక్కల (పిక్సెళ్ల) సాంద్రత. హెచ్‌డీ రెడీ పేరుతో అమ్మే 32 అంగుళాల టీవీలో సాధారణంగా 1366×768 చుక్కలుంటాయి, అంటే అంగుళానికి సుమారు 49. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో ఈ లెక్క సుమారు 92. ఎనిమిది అడుగుల దూరంలో మంచం మీద కూర్చున్నవారికి ఈ తేడా పట్టింపు కాదు గానీ, రెండడుగుల దూరంలో టైపు చేసేవారికి ప్రతి వత్తులోనూ అది తెలుస్తుంది. టీవీ అంగీకరిస్తే ల్యాప్‌టాప్ రిజల్యూషన్‌ను (చుక్కల సంఖ్యను) టీవీ అసలు కొలతకే పెట్టి, అక్షరాలను పెద్దవి చేసుకుంటే కొంత ఊరట దొరుకుతుంది; అంతకు మించి సెట్టింగులలో మందు లేదు.

నీలం మీద ఎర్రని అక్షరాల వంటి రంగుల రాత మాత్రమే చెదిరితే కారణం వేరు. చాలా టీవీలు వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని తగ్గించి చూపిస్తాయి. ఇన్‌పుట్ పేరును ‘పీసీ’గా మార్చే వీలుంటే మార్చాలి. అక్షరాల చుట్టూ తెల్లని అంచు కనిపిస్తే, అది పోయేదాకా షార్ప్‌నెస్‌ను తగ్గించాలి.

కింది టాస్క్‌బార్ సగం తెగిపోతే, టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కత్తిరిస్తున్నట్టు. పిక్చర్ సైజులో ‘స్క్రీన్ ఫిట్’, ‘జస్ట్ స్కాన్’ వంటి ఎంపిక వెతకాలి. మౌస్ బాణం చేతి కంటే వెనకబడితే గేమ్ మోడ్ పెడితే చాలు. చుక్కలు చాలా ఎక్కువగా ఉండే 4కే టీవీలో బాణం తడబడుతూ కదిలితే, ల్యాప్‌టాప్‌లో కేబుల్ పెట్టే పోర్టు పాత హెచ్‌డీఎంఐ 1.4 రకం అయి ఉండవచ్చు. దానితో ఆ రిజల్యూషన్‌లో సెకనుకు 30 చిత్రాలే అందుతాయి.

43 అంగుళాల 4కే టీవీలో అంగుళానికి సుమారు 102 చుక్కలు ఉన్నా, మూడడుగులు దాటిన వెడల్పు అద్దె గది బల్లకు నప్పదు. రాతపనికి మానిటరే మేలని నా అభిప్రాయం. మానిటర్లలో స్పీకర్లు లేనివి ఎక్కువ కనుక ఆ సంగతి ముందే అడగాలి. హన్మకొండ చౌరస్తాలోనో వరంగల్ స్టేషన్ రోడ్డులోనో కొనబోయినప్పుడు దుకాణం వారు చూపించే జలపాతాల వీడియో చూసి ఊరుకోకుండా, మీ ల్యాప్‌టాప్ కలిపించి, వత్తులు ఎక్కువగా ఉన్న ఒక తెలుగు పేజీని రెండడుగుల దూరం నుంచి చదివి చూడండి.