క్లౌడ్ సర్వర్ తీసుకునే ముందు లైసెన్స్ లెక్క విడిగా వేసుకోండి

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా బావ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్‌లో పెడదామంటే మొన్న ఇద్దరం కూర్చుని లెక్క వేశాం, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒకే సైజు మెషీన్‌కి (అంటే ఆ అద్దె సర్వర్‌కి) లైనక్స్ రేటు, విండోస్ రేటు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడానే మీరు గంటకింత అని కట్టే విండోస్ లైసెన్స్ అద్దె. అది వీసీపీయూలను (మెషీన్‌కి ఇచ్చే ప్రాసెసర్ వాటాలను) బట్టి పెరుగుతుంది, 4 సరిపోయే చోట 8 తీసుకుంటే అదీ రెట్టింపే.

క్లౌడ్ కంపెనీల సైట్‌లో ఉండే ధరల క్యాలిక్యులేటర్ మామూలుగా నెలకు 730 గంటలు వేసేస్తుంది. బావ కొట్టు రోజుకు 10 గంటల చొప్పున 26 రోజులు, అంటే 260 గంటలే. రాత్రి ఆపేస్తే మెషీన్, లైసెన్స్ రెండిటి అద్దే ఆగుతుంది, డిస్క్‌ది మాత్రం నడుస్తూనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజూర్‌లో అయితే విండోస్ లోపల షట్‌డౌన్ కొడితే చాలదు, అజూర్ వెబ్ పోర్టల్‌లోకి వెళ్లి స్టాప్ నొక్కాలి, లేకపోతే మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

ముందే కొన్న సొంత విండోస్ లైసెన్స్ ఉంది కదా అని సంబరపడకండి. అజూర్‌లో వాడాలంటే దానికి సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్స్‌తో పాటు విడిగా డబ్బు కట్టి తీసుకునే మైక్రోసాఫ్ట్ ప్లాన్) గానీ సబ్‌స్క్రిప్షన్ గానీ ఉండాలి, పైగా విండోస్ సర్వర్‌కి ఒక్కో మెషీన్‌కి కనీసం 8 కోర్ల లైసెన్స్ లెక్కపెడతారు, మీది 2 వీసీపీయూల చిన్న మెషీన్ అయినా సరే. మెషీన్ ఆపినా ఆ ఖర్చు ఆగదు. అందుకే పగలు మాత్రమే నడిపే మాలాంటి వాళ్లకు గంటల అద్దే నయమనిపించింది.

గుమాస్తాలు నలుగురైదుగురు రిమోట్ డెస్క్‌టాప్‌లో ఒకేసారి పని చేయాలంటే ఆర్‌డీఎస్ క్యాల్స్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడేవాళ్ల కోసం తీసుకునే లైసెన్సులు) వేరే కొనాలి, ఇది చాలామంది మర్చిపోతారు. చివర్లో 18 శాతం జీఎస్టీ కలపండి.