సున్నపురాయి నేలలో మీ బోరు నీళ్లు ఎలా వస్తున్నాయో ఇలా చూడండి

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల వైపు నేల కింద సున్నపురాయి. మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కాస్త ఆమ్లంగా మారిన వాన నీరు పగుళ్లలోకి దిగి రాయిని కరిగిస్తూ పోతుంది, 3 కిలోమీటర్లు దాటిన బెలూం గుహలు అలా ఏర్పడ్డవే. ఇలాంటి చోట నీళ్లు ఇసుకలోలా వడకట్టుకుంటూ రావు, సొరంగాల్లో పరుగెడతాయి.

అందుకే పెద్ద వాన పడగానే బోరు నీళ్లు గాజు గ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టి చూడండి. కేసింగ్ (బోరు గోడలు కూలకుండా దింపే గొట్టం) బాగానే ఉన్నా గంటల్లో మట్టిరంగు తిరిగాయంటే పైనీరు దాదాపు నేరుగా లోపలికి వస్తున్నట్టే. తేరుకున్నాక కూడా కాచే తాగండి. తర్వాత చుట్టుపక్కల వాగు నీరు మాయమయ్యే గుంటలు వెతకండి. వాటిలో చెత్త, పురుగుమందు డబ్బాలు దయచేసి వేయొద్దు. ఏ గుంట నీరు ఏ బోరుకు చేరుతుందో ఫ్లోరసిన్ రంగు కలిపి తేలుస్తారు, కానీ అది నిపుణుల పని, మీరు రంగులు పోయకండి.